గంజాయికి ఉన్న నియమాలు పందేలకు ఎందుకు లేవు? కెనడా న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

టొరంటో, 2021 మే

గౌరవనీయులైన న్యాయశాఖ మంత్రి డేవిడ్ లామెటి గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపిస్తున్నాను. తెలుగులో రాస్తున్నది ఇక్కడున్న మా వాళ్ల కోసం. బ్రాంప్టన్, మిసిసాగాల్లో స్థిరపడిన కుటుంబాలకు గానీ, చదువుకోవడానికి వచ్చి పార్ట్‌టైమ్ ఉద్యోగాలతో నెట్టుకొస్తున్న పిల్లలకు గానీ, ఒకే మ్యాచ్ మీద పందేలకు అనుమతినిచ్చే ఈ బిల్లు సంగతి పెద్దగా తెలియదు. రేపు దీని ఫలితం చేరేది మాత్రం వాళ్ల ఫోన్లలోకే.

సీ-218 అనే ఆ బిల్లు ఏప్రిల్ 22న పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌ను దాటి, ఎగువ సభ సెనేట్‌కు చేరింది. దాన్ని తెచ్చింది ప్రతిపక్షానికి చెందిన సస్కటూన్ ఎంపీ కెవిన్ వా గారే అయినా, ఇంచుమించు ఇదే సారంతో కిందటి నవంబరులో మీరే సీ-13 ప్రవేశపెట్టారు. కాబట్టి ఇది మా బిల్లు కాదని మీరు అనలేరు.

చదువరుల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. కెనడా క్రిమినల్ కోడ్ 207వ సెక్షన్ ప్రకారం ప్రావిన్సులు లాటరీలు నడుపుకోవచ్చు, ఆటల మీద పందేలు కూడా తీసుకోవచ్చు. అయితే అందులోని 4(బి) క్లాజు ఒకే మ్యాచ్ మీద పందెం కట్టించుకోవడానికి వీల్లేదంటుంది. అందుకే ఒంటారియోలో 1992 నుంచి నడుస్తున్న ప్రభుత్వ పందేల పథకం ప్రో-లైన్‌లో మ్యాచ్‌లను కలిపే కట్టాలి. అన్నీ గెలిస్తేనే డబ్బు, ఒక్కటి తప్పినా సున్నా. కొత్త బిల్లు ఆ అడ్డు తీసేస్తుంది. గుర్రప్పందేల వాళ్ల ఆదాయం దెబ్బతినకుండా ఒక రక్షణ చేర్చారు. బిల్లులో సారం అంతే, ఒకటి రెండు పేజీలు.

నేను ఈ బిల్లును వ్యతిరేకించడం లేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు సాయంత్రాలు ఒక చిన్న దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేశాను. లాటరీ యంత్రం నా మోచేతి పక్కనే ఉండేది. శనివారం హాకీ ఉంటే చాలు, అలవాటైన ముఖాలు వరుసగా వచ్చేవి. గళ్లు నింపిన చీటీ, దాని మీద రెండు డాలర్ల నాణేలు. ఆదివారం వచ్చినప్పుడు అందరిదీ ఒకటే మాట: "మూడింట్లో రెండు కొట్టాను, ఆ మూడోదే ముంచింది." ఆ మూడో జట్టు గోల్‌కీపర్‌ని కాసేపు తిట్టి, అక్కడే నిలబడి మరో చీటీ నింపేవారు. తాను ఓడిపోయానని వాళ్లలో ఒక్కరూ అనుకోలేదు. కొద్దిలో తప్పిందనుకున్నారు.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. సమఉజ్జీలైన రెండు జట్ల మీద డాలరు పెడితే, గెలిచినప్పుడు న్యాయంగా రెండు డాలర్లు రావాలి. పందెం నడిపేవాడు 1.90 ఇస్తాడనుకుందాం. ఒక్క మ్యాచ్ మీద 100 డాలర్లు కట్టినవాడికి సగటున 5 డాలర్లు పోతాయి. అలాంటివి మూడు కలిపి కట్టిస్తే రావలసింది 8 రెట్లు, చేతికొచ్చేది 6.86 రెట్లు, సగటున 14 డాలర్ల పైనే పోతాయి. మ్యాచ్ ఫిక్సింగ్ భయంతో పెట్టామన్న నిషేధం ఇన్నేళ్లుగా చేసిన పని, పందెం కట్టేవాడి జేబుకు పెద్ద చిల్లు పెట్టడం. దాన్ని తీసేస్తామంటే నాకు అభ్యంతరం ఏముంటుంది?

నిషేధం పందేన్ని ఆపుతుందన్న భ్రమ కూడా మా వాళ్లకు లేదు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరులు చూసినవాళ్లం. చట్టం ఉంటుంది, కోర్టు ఉత్తర్వు ఉంటుంది, పందెమూ ఉంటుంది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఐపీఎల్ వచ్చిందంటే బెట్టింగ్ ముఠాల అరెస్టు వార్తలు మాత్రం ఏటా వస్తూనే ఉన్నాయి.

అయితే మీ వాళ్లు బిల్లును సమర్థించుకునే తీరు వేరు. కెనడియన్లు చట్టానికి బయట ఏటా 1,400 కోట్ల డాలర్ల పందేలు కడుతున్నారని, ప్రావిన్సుల దగ్గర కట్టేది 50 కోట్లేనని గేమింగ్ (జూదం) పరిశ్రమ సంఘం చెబుతోంది. వ్యాపారంలోకి రావాలనుకునేవాళ్లు తమ మార్కెట్‌కు వేసుకున్న అంచనా అది. పైగా అది చేతులు మారే సొమ్ము, నికరాదాయం కాదు. దానిలో అధిక భాగం గెలిచినవాళ్లకే తిరిగి వెళ్తుంది. ఆ 1,400 కోట్లు ఖజానాకు వచ్చిపడతాయన్నట్టు సభలో మాట్లాడిన వాళ్లకు ఈ తేడా ఎవరైనా చెబితే బాగుండేది. అమెరికా సరిహద్దులోని విండ్సర్ కాసినో బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. నదికి అవతల డెట్రాయిట్‌లో నిరుటి నుంచి సింగిల్ మ్యాచ్ పందేలు నడుస్తున్నాయి, ఈ జనవరి నుంచి మిషిగన్‌లో ఫోన్లలోనూ కట్టొచ్చు.

లీగుల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1990ల్లో టొరంటోకు రాప్టర్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఇవ్వాలంటే ప్రో-లైన్‌లో తమ మ్యాచ్‌ల మీద పందేలు ఆపాలని షరతు పెట్టింది ఆ ఆట లీగు ఎన్‌బీఏ. ఒంటారియో ఒప్పుకుంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు అక్కడి నిషేధాన్ని కొట్టేసింది. 2020 జూన్‌కల్లా అదే ఎన్‌బీఏ మిగతా లీగులతో గొంతు కలిపి, కెనడా వెంటనే చట్టం మార్చాలని ప్రకటన ఇచ్చింది. ఆట పవిత్రత గురించి పాతికేళ్ల కిందట చెప్పిన మాటలు ఎటు పోయాయో!

ఇక నా అసలు ఫిర్యాదు. సింగిల్ మ్యాచ్ అనగానే ఈ రాత్రి టొరంటో హాకీ జట్టు లీఫ్స్ గెలుస్తారా ఓడతారా అన్న ఒక్క పందెమే అందరూ ఊహించుకుంటున్నారు. ఆ క్లాజు పోతే మ్యాచ్ నడుస్తుండగా కట్టే పందేలూ వస్తాయి: తర్వాతి గోల్ ఎవరిది, ఈ ఆటగాడు ఎన్ని పాయింట్లు కొడతాడు, వచ్చే రెండు నిమిషాల్లో ఏం జరుగుతుంది. నా కౌంటరు దగ్గర చీటీకీ చీటీకీ మధ్య ఒక రాత్రి ఉండేది. దుకాణం మూసేవాళ్లం, చీటీ కట్టినాయన ఇంటికి వెళ్లాలి, చలిలో మళ్లీ రావాలి. ఫోనులో ఆ వ్యవధి ఉండదు. ఒక్కో పందెంలో నష్టం తగ్గినా, పందేల సంఖ్యకు హద్దు పోతుంది.

చిన్న చిన్న పందేలతో వచ్చే ఇంకో ముప్పు క్రికెట్ చూసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2010లో లార్డ్స్ టెస్టులో ముందే చెప్పిన బంతులకు నోబాల్స్ పడ్డాయి. మ్యాచ్ ఓడిపోవలసిన అవసరమే లేదు, కాలు గీత దాటితే సరిపోయింది. ముగ్గురు పాకిస్తాన్ ఆటగాళ్లు జైలుకు వెళ్లారు. అది వేరే దేశం కథ అనుకుంటే, కెనడియన్ సాకర్ లీగ్‌లో 2009 నాటి ఒక మ్యాచ్ ఫిక్సయిందని జర్మనీలోని బోహుమ్ కోర్టు విచారణలో బయటపడింది. అరకొర జీతాలకు ఆడే కుర్రాళ్లే ఇలాంటి వలలో సులువుగా పడతారు. మ్యాచ్ ఫిక్సింగ్‌ను పేరు పెట్టి నేరంగా నిర్వచించే సెక్షన్ మీ క్రిమినల్ కోడ్‌లో లేదు, ఆటలో మోసం గురించిన పాత 209వ సెక్షనే ఉంది. పందేలకు తలుపు తెరిచే బిల్లులోనే దాన్ని సరిచేయడానికి ఎవరు అడ్డుపడ్డారు?

ప్రకటనల విషయంలో మీ ప్రభుత్వ వైఖరి నాకు బొత్తిగా బోధపడడం లేదు. 2018లో గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు పెద్ద చట్టమే చేశారు. పేరున్నవాళ్లతో చెప్పించకూడదు. పిల్లలను ఆకర్షించేలా ఉండకూడదు. విలాసవంతమైన బతుకుతో ముడిపెట్టకూడదు. ఆటల పోటీలకు స్పాన్సర్‌షిప్ ఇవ్వకూడదు, స్టేడియాలకు పేరు పెట్టకూడదు. అమ్మకాలు ప్రావిన్సుల చేతిలోనే ఉన్నా ప్రకటనల కట్టడి ఒట్టావా తన దగ్గరే ఉంచుకుంది. సిగరెట్ కంపెనీల స్పాన్సర్‌షిప్పులు 2003లో పోయాయి. మరి పందేల దగ్గరికి వచ్చేసరికి 'నియంత్రణ ప్రావిన్సులది' అంటున్నారు. టీవీ ప్రసారాల మీద అధికారం కేంద్రానిదే కదా! శనివారం రాత్రి హాకీ ప్రసారం సెయింట్ జాన్స్ నుంచి విక్టోరియా దాకా ఒకటే. ఆదాయం మీద కన్నేసిన ప్రావిన్సు తన ప్రకటనలు తానే తగ్గించుకుంటుందని ఎవరు నమ్ముతారు?

ముందు తలుపు తెరిచి, తర్వాత గొళ్లెం కోసం వెతికిన దేశాలు కళ్ల ముందే ఉన్నాయి. బ్రిటన్ 2005 చట్టంతో టీవీ ప్రకటనలకు దారి ఇచ్చింది. 2019-20 సీజన్ వచ్చేసరికి ప్రీమియర్ లీగ్ 20 జట్లలో 10 జట్ల చొక్కాల మీద బెట్టింగ్ కంపెనీల పేర్లే. ఇటలీ 2018లో ప్రకటనలను నిషేధించింది. స్పెయిన్ కిందటేడు వాటిని అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి 5 గంటల మధ్యకు నెట్టేసింది. ఆస్ట్రేలియా 2018 నుంచి రాత్రి 8:30 దాకా ఆటల ప్రత్యక్ష ప్రసారాల్లో ఆపేసింది. అందరూ ఆలస్యంగానే మేలుకున్నారు.

ఇక్కడ అలాంటి పరిస్థితి వస్తే మా ఇళ్లలో ఎలా ఉంటుందో చెప్పగలను. ఐపీఎల్ మ్యాచ్ మాకు ఉదయం 10 గంటలకు మొదలవుతుంది. కరోనా వల్ల ఈ నెల 4న టోర్నీ ఆగింది గానీ, మళ్లీ ఎప్పుడో మొదలవుతుంది. ఒక గదిలో నలుగురైదుగురు విద్యార్థులు, చేతిలో ఫోను, ఖాతాలో వచ్చే సెమిస్టర్ ఫీజు కోసం ఇంటి నుంచి వచ్చిన డబ్బు. ఆ డబ్బు గుంటూరులోనో కరీంనగర్‌లోనో పొలం తాకట్టు పెట్టి తెచ్చింది కావచ్చు. ఆ పిల్లవాడు ఓడిపోయిన సంగతి తల్లిదండ్రులకు తెలిసేసరికి చదువు ఆగి ఉంటుంది. విదేశీ విద్యార్థి కాబట్టి ఆపైన వీసా సమస్య.

మీరు సెనేట్ కమిటీ ముందుకు వెళ్లినప్పుడు సవరణలకు సిద్ధమేనని చెప్పండి. ప్రత్యక్ష ప్రసారాల్లో పందేల ప్రకటనలకు, ఆటగాళ్లతో చేయించే ప్రచారానికి గంజాయి చట్టంలోని నియమాలే వర్తింపజేయాలి. ఫిక్సింగ్‌ను స్పష్టంగా నేరం చేయాలి. వచ్చే ఆదాయంలో వ్యసనపరుల చికిత్సకు ఇంత అని చట్టంలోనే రాయాలి. ప్రావిన్సుల దయకు వదిలితే బడ్జెట్ కోతల్లో మొదట పోయేది అదే. 1996లో సొంత కమిషన్ పెట్టుకుని, ఆ తర్వాత ఆన్‌లైన్ గేమింగ్‌కు లైసెన్సులు ఇస్తూ వస్తున్న కానవాకే మోహాక్ ఆదివాసీ ప్రజలు ఈ బిల్లులో తమ ఊసే లేదని అంటున్నారు, వాళ్ల మాట కూడా వినండి.

సవరిస్తే బిల్లు మళ్లీ కామన్స్‌కు వెళ్లాలి, ఎన్నికలొస్తే మురిగిపోతుంది అంటారు. సీ-290 అనే ఇలాంటి బిల్లే 2012లో కామన్స్‌ను దాటి, 2015 దాకా సెనేట్‌లో పడి ఉండి మురిగిపోయింది. సీ-221 2016లో ఓడిపోయింది. పదేళ్లు ఆగినవాళ్లు ఇంకొన్ని నెలలు ఆగలేరా? సవరణలు వద్దనుకుంటే ఆ కారణం కమిటీ రికార్డుల్లోకి ఎక్కేలా చెప్పండి. లిఖితపూర్వకంగా జవాబు పంపితే దాన్ని తెలుగులోకి మార్చి మా వాళ్లకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒంటారియోలో ఉంటున్న ఒక తెలుగు ఓటరు