మంచం పట్టని జబ్బుకు సెలవు ఏది?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. గోలీల స్ట్రిప్పులు లెక్కపెట్టి డబ్బాల్లో పెట్టడం నా పని. అలాంటి నాకు నెలకు సరిపడా గోలీలు ఒకేసారి దొరకడం లేదని మీకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. నవ్వుకుంటే నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నాను.

రెండేళ్ల కింద ఒక మంగళవారం లైన్ దగ్గర నిలబడి ఉండగానే గుండె దడదడ కొట్టుకుంది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. పోతున్నాననే అనుకున్నాను. తోటివాళ్లు ఆటోలో వేసుకుని దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయారు. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, రక్త పరీక్షలు, మొత్తం 8,400 రూపాయలు. అన్నీ నార్మల్. "ఏం లేదమ్మా, గ్యాస్ అయి ఉంటుంది. టెన్షన్ పెట్టుకోకు" అని పంపించారు. ఆ 8,400 మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి. టెన్షన్ పెట్టుకోకుండా ఎట్లా ఉండాలో ఆ బిల్లులో లేదు.

మా అత్తమ్మ దీన్ని మనాది అంటుంది. రంధి పెట్టుకుంటే మనాది పడుతుందట. ఆమె మాటే ఆ ఆస్పత్రి మాట కన్నా నిజానికి దగ్గరగా ఉంది. ఇంకో మూడుసార్లు అట్లాగే అయ్యాక గానీ ఒక డాక్టర్ దీని పేరు చెప్పలేదు. యాంగ్జైటీ అని, దీనికి మందు ఉందని, కొన్ని వారాలు వాడితే గానీ గుణం తెలియదని, మధ్యలో మానకూడదని చెప్పాడు. అంతకుముందు మా వీధి మెడికల్ షాపులో చీటీ లేకుండానే నిద్ర గోలీ అరముక్క ఇచ్చేవాడు. అది అలవాటైపోయే మందని అప్పుడు తెలియదు. దాన్ని మాన్పించడానికే డాక్టర్‌కు రెండు నెలలు పట్టింది.

ఇక లెక్కకు వస్తాను. నా జీతం 19,800, నాగా లేకుండా వస్తే అటెండెన్స్ బోనస్ 600. నేను మందులు తెచ్చుకునే ఈఎస్ఐలో, అంటే కార్మికుల ఆరోగ్య బీమాలో, ఓపీ ఉదయం పూటే ఉంటుంది, మా షిఫ్టూ ఉదయమే. ఓపీకి వెళ్లిన రోజు జీతం 761 పోతుంది, ఆ నెల బోనస్ పోతుంది. అంటే పది నిమిషాలు డాక్టర్ ముందు కూర్చోవడానికి 1,361 రూపాయలు. బస్సు మాత్రం ఫ్రీ. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు చార్జీ లేదు, దానికి మీ ప్రభుత్వానికి దండం. మా ఆయన ఆటో నడుపుతాడు, ఆయన దండం పెట్టడు. ఆ గొడవ మా ఇంట్లో రోజూ ఉండేదే, ఇక్కడ వద్దు.

నా జీతంలోంచి ఈఎస్ఐకి నెలకు 153 రూపాయలు పోతాయి, కంపెనీ 663 కడుతుంది. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారని తెలిసి డిస్పెన్సరీలో అడిగాను. ఇస్తారు నిజమే, కానీ మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు. టైఫాయిడ్ వచ్చి వారం పడుకున్నవాళ్లకు, ఆపరేషన్ అయినవాళ్లకు ఆ రూల్ సరిపోతుంది. నాది మంచం పట్టే జబ్బు కాదు. ఒక ఉదయం బస్టాపులో వస్తుంది, మధ్యాహ్నానికి పోతుంది. ఆ పూట జీతం పోయినందుకు రాత్రి మళ్లీ వస్తుంది. నాకు ఒక్కసారి కూడా వరుసగా మూడు రోజుల సెలవు అవసరం పడలేదు, కాబట్టి ఒక్క రూపాయి కూడా రాలేదు.

రెండేళ్ల దాకా 80 శాతం జీతం ఇచ్చే దీర్ఘకాల జబ్బుల జాబితా ఇంకొకటి ఉంది, అందులో 34 జబ్బులు. స్కిజోఫ్రీనియా ఉంది, ఒక రకం డిప్రెషన్ ఉంది, యాంగ్జైటీ లేదు. నేను రెండేళ్లు ఇంట్లో కూర్చోవాలని అడగడం లేదు సార్. కూర్చుంటే మా ఇల్లు గడవదు, నా జబ్బూ పెరుగుతుంది. పని చేసుకుంటూనే మందు తెచ్చుకునే దారి కావాలి. శరీరానికి వచ్చే జబ్బునూ మనసుకు వచ్చే జబ్బునూ ఒకేలా చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది కదా.

అదే చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలనీ అంటోంది. నా ఓపీ చీటీ మీద పెద్ద అక్షరాలతో సైకియాట్రీ అని ముద్ర ఉంటుంది. సెలవు కావాలంటే అదే సూపర్‌వైజర్ టేబుల్ మీద పెట్టాలి. మన హైదరాబాద్‌లో మానసిక ఆస్పత్రి ఉన్న ఎర్రగడ్డ పేరును ఎట్లా వాడతారో మీకు తెలియనిది కాదు. కాంట్రాక్టు రెన్యువల్ ముందు ఆ చీటీ ఎవరు పెడతారు? నేను రెండుసార్లు పంటి నొప్పి అని చెప్పాను. మూడోసారి ఏ పన్ను అని అడిగారు.

ఒకరోజు రాత్రి రెండింటికి 14416కి ఫోన్ చేశాను. 2022లో మొదలైన టెలి మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ అది. తెలుగులోనే మాట్లాడారు, తొందరపెట్టలేదు, అరగంట విన్నారు. ఆ రాత్రి నిద్రపట్టింది. మందులు మానొద్దు, డాక్టర్‌ను కలుస్తూ ఉండండి అన్నారు. మంచి మాటే. ఏ రోజు కలవాలో నేను వాళ్లను అడగలేదు, అది వాళ్ల చేతిలో లేదు.

మీ చేతిలో ఉంది. ఈఎస్ఐ డిస్పెన్సరీల ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు ఢిల్లీలోని ఈఎస్ఐ కార్పొరేషన్ భరించినా నడిపేది రాష్ట్రమే. కంపెనీలున్న ప్రాంతాల డిస్పెన్సరీల్లో వారానికి ఒక్క సాయంత్రం, షిఫ్టు అయిపోయాక ఎనిమిదింటి దాకా, మానసిక డాక్టర్‌ను కూర్చోబెట్టండి. మందు కుదిరినవాళ్లకు పది రోజులకు కాకుండా నెలకు ఒకేసారి గోలీలు ఇప్పించండి. చీటీ మీద డిపార్ట్‌మెంట్ పేరు తీసేయించండి, ఓపీ అని ఉంటే చాలు. దీనికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు. ఆ రెండు రోజుల రూల్, ఆ జాబితా ఢిల్లీ వాళ్లవి. వాటి గురించి మీరు రాస్తే ఒక లెక్క, నేను రాస్తే ఒక లెక్క.

ఇంకొకటి. ఈ నెల నాకు 900 రూపాయల ఇంక్రిమెంట్ అన్నారు. లైన్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడికలు వేసుకున్నాను. బోనస్‌తో కలిపి 21,300 అవుతుంది. ఈఎస్ఐలో ఉండాలంటే జీతం పరిమితి 21,000. 2017 జనవరిలో పెట్టిన అంకె అది, కదలలేదు. ఇప్పుడున్న ఆరు నెలల చందా గడువు అయ్యాక నా చందా ఆగుతుంది, తర్వాత కొన్నాళ్లకు కార్డూ ఆగుతుంది. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ ఆస్పత్రిలో చేరితేనే పనిచేస్తుంది. 900 కోసం మందు వదులుకోవాలా, మందు కోసం 900 వద్దనాలా? ఇంక్రిమెంట్ వద్దన్న మనిషిని నిజంగానే ఎర్రగడ్డకు పంపమంటారేమో.

నా తర్వాతి ఓపీ వచ్చే బుధవారం. ఆ రోజు డిస్పాచ్ ఉంది, ఎవరూ సెలవు అడగొద్దని సూపర్‌వైజర్ ఇప్పటికే చెప్పాడు. నా గోలీలు మంగళవారం రాత్రికి అయిపోతాయి.

ఇట్లు,
జీడిమెట్ల ప్యాకింగ్ కార్మికురాలు