సాంచాల చప్పుడుకు ఆడా మగా తెలుసా?

సంపాదకుడు గారికి,

మా ఆయన సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపారు. అదే కార్ఖానాలో నేను పదహారేళ్లు నూలు కండెలు చుట్టాను. ఇప్పుడు ఇద్దరి చెవుల్లోనూ కీచురాళ్ల రొదే. మొన్న ఇద్దరం కలిసి చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు మా ఆయన్ను ఏం పని చేసేవారని అడిగి, వినికిడి పరీక్షకు రాశారు. నన్ను మాత్రం "ఇంట్లో టెన్షన్లేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగి, నిద్రమాత్రలిచ్చి పంపారు. నేను కూర్చున్నది కూడా ఆ సాంచాల పక్కనే. చప్పుడుకు ఆడా మగా తేడా తెలుసు కాబోలు!

వివిధ దేశాల సర్వేలను కలిపి చూసిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. దాని ప్రకారం చెవిలో మోత మగవాళ్లలో 14.1 శాతం, ఆడవాళ్లలో 13.1 శాతం మందికి ఉంది. అంటే ఇంచుమించు సమానమే. కానీ దానివల్ల నిద్ర పట్టడం లేదని, దిగులుగా ఉంటోందని ఆడవాళ్లే ఎక్కువగా చెబుతున్నట్టు చాలా పరిశోధనల్లో కనిపించింది. మగవాళ్లకు బాధ తక్కువా, లేక బయటికి చెప్పరా? మా ఆయన డాక్టరుతో "నిద్రకేం, బాగానే పడుతుంది" అన్నారు. ఆ మోత వినపడకూడదని డిసెంబరు చలిలో కూడా ఫ్యాను వేసి, ముసుగుతన్ని పడుకునే మనిషి! డాక్టరు మళ్లీ అడగలేదు.

మా కోడలిది ఇంకో కథ. చెవిలో గుండె కొట్టుకున్నట్టు దబదబమని వినిపించేది. ఆరు నెలలు వెచ్చటి నూనె చుక్కలతోనే గడిచింది. చివరికి రక్తం తక్కువని తేలింది, ఐరన్ మాత్రలతో తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. చెవిలో మోత అని ఆడమనిషి వస్తే ముందు వేలి నుంచి చుక్క రక్తం తీసి చూడడానికి ఇంతకంటే కారణం కావాలా?

చెవుడు నివారణకు 2007 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. దాని కింద నేత కార్మికులకు శిబిరాలు పెడితే, కండెలు చుట్టేవాళ్లను, వార్పిన్ (పడుగు నూలు సిద్ధం చేసే) పనివాళ్లను కూడా పిలవాలి. పని గురించి ఆడవాళ్లను, నిద్ర గురించి మగవాళ్లను అడగాలి.

వచ్చే సోమవారం నేను మళ్లీ వెళ్తున్నాను. ఈసారి ఓపీ చీటీ మీద 'కండెల పని, 16 ఏళ్లు' అని ముందే రాయించుకుంటాను.

– ఒక పాఠకురాలు, సిరిసిల్ల