ఆ పిల్లల ఓఎంఆర్ షీటు ఎవరైనా కూర్చుని చదవాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. హనుమకొండలో ఉంటున్నాను. ఎంబీబీఎస్ సీటు రాక రెండోసారి, మూడోసారి, కొందరైతే నాలుగోసారి నీట్ రాస్తున్న మన పల్లెటూరి పిల్లల గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీట్ కేంద్రం చేతిలో ఉందని, దాన్ని ఎన్టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) నడుపుతుందని నాకు తెలుసు. పేపర్ మార్చమనో, పరీక్ష ఎత్తేయమనో మిమ్మల్ని అడగడం లేదు. సీటు రాని పిల్ల మళ్లీ రాయాలనుకున్న రోజు నుంచి మళ్లీ పరీక్ష హాల్లో కూర్చునే రోజు దాకా ఉన్న ఆ ఏడాది గురించే నా బాధంతా. ఆ ఏడాది వాళ్ల మంచిచెడ్డలు చూసే దిక్కు లేదు.

2025 నీట్ ఫలితాలు జూన్ 14న వచ్చాయి. తర్వాతి వారం ఒక ఆదివారం పొద్దున్నే పరకాల వైపు ఊరి నుంచి ఒక తండ్రి తన బిడ్డను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. రెండెకరాల్లో పత్తి, మిర్చి వేస్తాడు. మిర్చి అమ్మిన డబ్బులు ఇక్కడి నయీంనగర్‌లో లాంగ్ టర్మ్ (మళ్లీ రాసేవాళ్ల ఏడాది కోచింగ్) ఫీజుకు, హాస్టల్‌కు పోయాయి. లక్షా ఇరవై వేలట. అమ్మాయి మూడుసార్లు రాసింది. 2023లో 342, 2024లో 431, 2025లో 358 మార్కులు వచ్చాయి. "తగ్గుకుంట వస్తున్నది సార్, ఇంకో ఏడు సదివించమంటరా, సాలిద్దామంటరా?" అని అడిగాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు.

ముందు ఆయనకు ఒక విషయం చెప్పాల్సి వచ్చింది. ఏ ఏడాది మార్కులు ఆ ఏడాదివే. 2024లో మొదట ఇచ్చిన ఫలితాల్లో ఏకంగా 67 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థికి వచ్చినవి 686. పైగా 2024 దాకా 200 నిమిషాల సమయం ఉండేది, ప్రశ్నల్లో కొన్ని వదిలేసే వీలు ఉండేది. 2025లో ఆ రెండూ పోయి 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు రాయాల్సి వచ్చింది. కాబట్టి ఈ అమ్మాయికి మార్కులు 73 తగ్గినా, ర్యాంకు కిందటేటి కంటే కొంచెం మెరుగ్గానే ఉంది. ఫోన్లో రెండు ర్యాంకు కార్డులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే గానీ తండ్రి నమ్మలేదు. ఫలితాలు వచ్చి వారం దాటినా అప్పటిదాకా ఈ ఒక్క ముక్క ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు. ఊళ్లో మాత్రం అందరూ "సీటు వచ్చిందా బిడ్డా?" అని అడుగుతూనే ఉన్నారు.

తర్వాత అమ్మాయిని తను బబుల్స్ నింపిన ఓఎంఆర్ జవాబు షీటు కాపీ, సరైన జవాబుల కీ తెరవమన్నాను. ఎన్టీఏ వెబ్‌సైట్‌లో ఎవరిది వాళ్లకు కనిపిస్తుంది. ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకోనిస్తారు, లెక్కలు వేసుకున్న రఫ్ వర్క్ కూడా అందులోనే ఉంటుంది. అదృష్టం కొద్దీ ఆ పిల్ల దాన్ని పారేయలేదు. ముగ్గురం కింద చాప మీద కూర్చుని ఒక్కో ప్రశ్న టిక్కు పెట్టుకుంటూ పోయాం.

బయాలజీలో 90 ప్రశ్నలకు 70 ఒప్పు, 14 తప్పు, 266 మార్కులు. కెమిస్ట్రీలో 45కు 23 ఒప్పు, 21 తప్పు, 71 మార్కులు. ఫిజిక్స్‌లో 45కు 11 ఒప్పు, 23 తప్పు, 11 ముట్టుకోలేదు. 180కి 21 మార్కులు!

మూడేళ్లూ అంతే. ఎక్కువ మార్కులు బయాలజీవే, ఫిజిక్సే అన్నిటికంటే వెనక. ఆ ఏడాదంతా ఆమె చదివిన టైం టేబుల్ చూస్తే మాత్రం పొద్దున బయాలజీ, మధ్యాహ్నం బయాలజీ, రాత్రి స్టడీ అవర్లో మళ్లీ బయాలజీ. అందరికీ ఒకటే టైం టేబుల్. వారం వారం పరీక్ష పెట్టి తండ్రి ఫోన్‌కు మొత్తం మార్కులు మాత్రం మెసేజ్ పంపేవాళ్లు. మొత్తం చూస్తే లోపం ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది?

ఆ తప్పు పోయిన 23 ప్రశ్నల రఫ్ వర్క్ చూశాను సార్. చూస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తొమ్మిదింట్లో సూత్రం సరిగ్గా రాసింది. ఒకచోట మైక్రోఫారడ్లను ఫారడ్లుగా మార్చేటప్పుడు పది ఘాతం మైనస్ 6 బదులు మైనస్ 3 వేసింది. ఒకచోట సెంటీమీటర్లను మీటర్లు చేయడం మరిచింది. ఒకచోట భాగహారం సగం దాకా చేసి, టైం చాలక కొట్టేసి, తోచిన బబుల్ నింపింది. ఆ పిల్లకు ఫిజిక్స్ రాదని నేను ఒప్పుకోను, ఆమెకు రానిది లెక్కలు. బైపీసీ తీసుకున్న పిల్లలు పదో తరగతితో మ్యాథ్స్‌కు దండం పెడతారు. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం మొదటి పాఠాల నుంచే వెక్టర్లు, లాగ్‌లు, త్రికోణమితి అడుగుతుంది. వాటిని వాళ్లకు ఎవరూ విడిగా నేర్పరు. నేనూ సర్వీసులో ఉన్నన్నాళ్లు సిలబస్ పూర్తి చేయాలన్న హడావిడిలో ఇది కావాల్సినంత చేయలేదు. రిటైరయ్యాక, ఇట్లా ఒక్కొక్కరి షీటు ముందు కూర్చున్నాకే నాకు పూర్తిగా అర్థమైంది.

అప్పటి నుంచి మా ఇంటికి ఆదివారాలు పది పన్నెండు మంది వస్తున్నారు. ఆత్మకూరు, శాయంపేట, నెక్కొండ, ఏటూరునాగారం పిల్లలు. అందరి కథా ఫిజిక్స్ కాదు. ఒక అబ్బాయికి సబ్జెక్టు అంతా వచ్చు, కౌన్సెలింగ్‌లో కావాల్సిన కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పేరున్న నాలుగైదు కాలేజీలే పెట్టి ఊరుకున్నాడు. ఎనిమిదో, పదో ఆప్షన్‌గా ఒక కొత్త కాలేజీ పేరు కూడా పెట్టి ఉంటే వచ్చేదేమో. ఇంకో అబ్బాయి నాలుగుసార్లు రాశాడు, బయాలజీలోనే 140 దాటలేదు. ఇంకో ఏడాది వద్దని వాళ్ల అమ్మానాన్నలకు నేనే చెప్పాను. చెప్పడానికి నోరు రాలేదు, అయినా చెప్పాను. ఇప్పుడు ఫిజియోథెరపీలో చేరాడు, మొన్న పండక్కి వచ్చి కనిపించి వెళ్లాడు, మనిషి తేటపడ్డాడు. మళ్లీ రాయాలా, ఇక ఆపాలా అన్నది కూడా ఆ షీటే చెబుతుంది, చదివే మనిషి పక్కన ఉంటే.

మన ప్రాంతానికి కాలేజీలు వచ్చాయి, ఆ సంతోషం నాకూ ఉంది. 1959లో పెట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ ఒక్కటే ఉన్న ఉమ్మడి వరంగల్ జిల్లాలో 2022లో మహబూబాబాద్, 2023లో జనగామ, భూపాలపల్లి, 2024లో ములుగు, నర్సంపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ప్రభుత్వ సీటు వస్తే ఏడాదికి ఫీజు 10 వేలు. ప్రైవేటులో బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) అయితే ఏడాదికి 10 లక్షలు దాటుతుంది. పరకాల రైతు అంత డబ్బు కట్టలేడు. ఆయన బిడ్డ డాక్టర్ అయితే కన్వీనర్ కోటాలోనే కావాలి, లేకపోతే లేదు.

ఏటూరునాగారంలో పాము కరిచిన మనిషిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి మోసుకొచ్చే రోజులున్నాయి. ఆ ఏజెన్సీలో పుట్టి, అక్కడి మాట మాట్లాడే పిల్ల డాక్టర్ అయితే అక్కడ ఉద్యోగం చేయడానికి వెనకాడదని నా నమ్మకం. ఆ పిల్లే ఇవాళ లాంగ్ టర్మ్‌కు డబ్బు లేక ఇంట్లో కూర్చుని ఒంటరిగా పాత పుస్తకాలు తిరగేస్తోంది.

అందుకని మిమ్మల్ని కోరేది ఇది. నీట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి పదిహేను రోజులు ప్రతి నియోజకవర్గంలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ లెక్చరర్లు నలుగురిని కూర్చోబెట్టండి. సీటు రాని పిల్లలు ఓఎంఆర్ కాపీ, ప్రశ్నపత్రం, తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని రావాలి. ఒక్కొక్కరికి గంట చాలు. ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది, మళ్లీ రాయొచ్చా, రాస్తే ఏ సబ్జెక్టు మీద కూర్చోవాలి అన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి. దీనికి భవనం అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. ఇంటర్ విద్య మీ శాఖ కింద లేదని నాకు తెలుసు. కానీ ఈ పిల్లలు రేపు పనిచేసేది మీ శాఖలోనే, కాబట్టి ఆ శాఖతో మీరు మాట్లాడితే బాగుంటుందని నా ఆశ.

దాని తర్వాత హనుమకొండలో ప్రభుత్వమే ఒక లాంగ్ టర్మ్ బ్యాచ్ పెట్టాలి, ఆడపిల్లలకు హాస్టల్‌తో. హైదరాబాద్ శివారు గౌలిదొడ్డి గురుకులంలో నీట్ కోచింగ్ ఇచ్చిన అనుభవం ప్రభుత్వానికి ఉంది. ఇక్కడ పెట్టేదాంట్లో మాత్రం మొదటి రెండు నెలలు బైపీసీ పిల్లలకు ఫిజిక్స్‌కు కావాల్సిన లెక్కలే నేర్పాలి. ఆ రెండు నెలలు వదిలేస్తే మిగతా ఎనిమిది నెలలు నీళ్లపాలే. ఇది మాత్రం అనుభవం మీద గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి. కౌన్సెలింగ్ నడిపే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం మన వరంగల్‌లోనే ఉంది. ప్రజల పలుకుబడిలో రాయాలని జీవితమంతా చెప్పిన మనిషి పేరు అది. వెబ్ ఆప్షన్లు ఎట్లా పెట్టాలి, ఏ రౌండులో ఏం జరుగుతుంది, సీటు వదిలేస్తే ఏమవుతుంది అన్నవి తెలుగులో చిన్న పుస్తకంగా వేయించి, ఆప్షన్లు తెరిచిన రోజుల్లో అక్కడ ఒక సహాయ కేంద్రం పెట్టించండి. దాని వెనక అట్ట మీద మనోవేదనలో ఉన్నవాళ్లు ఫోన్ చేసే టెలీ మానస్ నంబర్ 14416 పెద్ద అక్షరాల్లో వేయించండి. మూడోసారి సీటు రాని రాత్రి ఆ పిల్లల మనసు ఎట్లా ఉంటుందో నేను వాళ్ల నోటే విన్నాను.

పరకాల అమ్మాయి నాలుగోసారికి సిద్ధమవుతోంది. ఈసారి ఎక్కడా చేరలేదు. వారంలో ఐదు రోజులు ఇంటి దగ్గరే చదువుతుంది, శనివారం తండ్రితో పత్తి చేనుకు వెళ్తుంది, ఆదివారం ఏడింటి బస్సుకు మా ఇంటికి వస్తుంది. తన చేత్తో రాసుకున్న ఒక రెండు రూపాయల అట్టముక్క ఎప్పుడూ నోట్‌బుక్కులో ఉంటుంది. మిల్లీ, మైక్రో, నానో, పికో, పక్కన పది ఘాతాలు. మొన్నటి ఆదివారం పాత పేపర్ పెట్టి గడియారం ముందుపెట్టుకుని ఫిజిక్స్ రాయించాను. 92 వచ్చాయి. తండ్రికి ఫోన్ చేసి చెబితే, అటువైపు కాసేపు మాట లేదు, తర్వాత "మంచిది సార్" అన్నాడు.

మా ఇంటి వరండాలో పన్నెండు మందికి మించి పట్టరు. మీరు ఒక్క కాలేజీలో ఈ పని మొదలుపెట్టించినా, వచ్చే ఫలితాల నాటికి నేను జీతం లేకుండా వచ్చి కూర్చుంటాను. నాతో రిటైరైన కెమిస్ట్రీ, జువాలజీ మిత్రులు ఇద్దరు కూడా వస్తామన్నారు. మీ కబురు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
హనుమకొండ