ఒంగోలు తాలూకా, నెల్లూరు జిల్లా: మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి, పదవీ విరమణ చేసి ఒంగోలులో ఉంటున్నాను. ఈ ఉత్తరం విగ్రహం కోసమో ఉత్సవం కోసమో కాదు. అందుకైనా చివరిదాకా చదువుతారని ఆశ.

మొన్నటి సంక్రాంతి వెళ్లాక దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చారు. అరవై దాటిన మనిషి. చేతిలో ఒక జిరాక్సు కాగితం. వాళ్ల ముత్తాత చెరకు తోటల కూలికి మద్రాసు రేవులో ఓడ ఎక్కినప్పుడు రాసిన పట్టికలో ఒక వరుస అది. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. జిల్లా నెల్లూరు. తాలూకా ఒంగోలు. ఊరు అల్లూరు.

నా దగ్గరికి రాకముందు ఆవిడ నెల్లూరులో మూడు రోజులు తిరిగారు. అడిగిన చోటల్లా ఒకటే మాట: ఒంగోలు వేరే జిల్లా కదా, తాలూకా రాయడంలో తెల్లవాళ్లు పొరబడి ఉంటారు, అల్లూరు మా జిల్లాలోనే ఉంది, వెళ్లి చూసుకోండి. పాపం, వెళ్లారు. గుడి ముందు ఫొటో దిగారు. గుప్పెడు మట్టి రుమాలులో మూట కట్టుకున్నారు. తనది కాని ఊళ్లో కన్నీళ్లు పెట్టుకున్నారు.

తెల్లవాళ్లు పొరబడలేదండీ. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. అప్పుడు గుంటూరుకు పోయింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, రెండేళ్లకు దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో హద్దులు మళ్లీ కదిలాయి. మనం జిల్లాలను మార్చుకున్నంత సులువుగా డర్బన్‌లోని కాగితం మారదు. ఆవిడ వెతుకుతున్న అల్లూరు కొత్తపట్నం పక్కన ఉంది. మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లి రావచ్చు.

వెళ్లాం. రచ్చబండ దగ్గర పెద్దలు కుర్చీలు వేశారు, కొబ్బరి బోండాలు కొట్టించారు. ఆ తర్వాత మొదటి ప్రశ్న: ‘ఇంటి పేరు ఏమిటమ్మా?’ ఆ పట్టికలో అన్నీ ఉన్నాయి, ఇంటి పేరు ఒక్కటే లేదు. తండ్రి పేరు రాయించుకున్న గుమాస్తాకు, తెలుగువాళ్లు మనిషిని పట్టుకునేది ఇంటి పేరుతోనని తెలియదు. తెలిసినా గడి లేదు. రెండో ప్రశ్న కులం. దానికి జవాబు కాగితంలో ఉంది గానీ, ప్రశ్న ఆవిడకు అర్థం కాలేదు. నేను తర్జుమా చేయలేదు. మూడోది నన్ను పక్కకు పిలిచి అడిగారు: ‘పొలంలో వాటా ఏమైనా అడుగుతారా మాస్టారూ?’ నవ్వాను గానీ, ఆ భయంలో కూడా చరిత్ర ఉంది. పోయినవాళ్లు తిరిగి వస్తారని ఊరు ఎన్నడూ అనుకోలేదు.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా నాటాల్‌కు, అంటే డర్బన్ రేవు ఉన్న అప్పటి ఇంగ్లిషు వలస రాజ్యానికి, అయిదేళ్ల ఒప్పందం మీద వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. మారిషస్‌కు వెళ్లినవాళ్లు సుమారు నాలుగున్నర లక్షలు. వీళ్లలో మనవాళ్లు ఎందరో ఎవరూ కూర్చుని లెక్క తీయలేదు. తీయడానికి కావలసిన కాగితాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ప్రేమతో దాచినవి కావు. ఒప్పందం ముగియకుండా తోట నుంచి పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. ఎడమ మోచేతి మీద మచ్చ, కుడి కనుబొమ పైన పుట్టుమచ్చ. అదే కాగితం ఈరోజు ఒక మునిమనవరాలికి కులదేవత పటంలాంటిది అయింది. వలస పాలన వదిలిపోయిన దస్తావేజులతో మాకున్న చిక్కే ఇది. వాటిని నమ్మలేం, వదులుకోనూ లేం.

అల్లూరు నుంచి తిరిగి వస్తూ బకింగ్‌హాం కాలువ గట్టు మీద ఆగాం. గుర్రపుడెక్క, నాచు, ఒక విరిగిన పడవ. ఆవిడకు ఆ కాలువ కథ చెప్పాను. మీకూ చెబుతాను, ఎందుకంటే నా విన్నపంలో సగం దాని మీదే ఉంది.

1876లో వానలు మొహం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. మన పెద్దలు ‘ధాత కరువు’ అన్నది దాన్నే. రెండేళ్లలో దక్షిణాదిన లక్షల మంది చనిపోయారు. ముక్కలు ముక్కలుగా ఉన్న కాలువను కలిపే పనిని సర్కారు కరువు పనిగా పెట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి నిలిచింది. కరువు పనుల్లో మగవాడికి రోజుకు పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. పొద్దస్తమానం మట్టి తవ్వి మోసేవాడికి అది సరిపోదని మద్రాసు ఆరోగ్య అధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు.

ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే గుత్త తీసుకున్నాడు. ఆయనకు సర్వే పని తెలుసు. తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టి, ఎక్కువగా మాదిగ పల్లెల వాళ్లకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇదంతా కూటి కోసమేనని ఒక వర్గం, కాదు ఆత్మగౌరవం కోసమని మరో వర్గం నా తరగతి గదిలోనే ఏటా కొట్టుకునేవి. నాకు తోచింది ఒకటే: కరువులో కూడు పెట్టిన చోట మనిషిని మనిషిగా పిలిచారా లేదా అన్నది చిన్న విషయం కాదు. దాన్ని ఎగతాళి చేసేవాళ్లు ఆకలిని చూసినవాళ్లు కారు.

గవర్నరు పేరు కాలువకు ఉంది. గుత్తదారు పేరు పుస్తకాల్లో ఉంది. బాప్తిస్మాల సంఖ్య చివరి అంకెతో సహా ఉంది. తవ్వినవాళ్ల పేర్లు మాత్రం ఆ గట్టు మీద ఎక్కడా లేవు. ఊళ్లో ఉండి కాలువ తవ్విన అన్న పేరు మనకు తెలియదు, ఊరు వదిలి ఓడ ఎక్కిన తమ్ముడికైతే పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా తెలుసు.

ఇక విన్నపం. నాటాల్, మారిషస్ పట్టికల్లో నెల్లూరు జిల్లా అని రాసి ఉన్న ప్రతి వరుస నకలు తెప్పించండి. మద్రాసు ప్రభుత్వ వలస దస్త్రాలు చెన్నైలో ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అక్కడికీ ఒక మనిషిని పంపండి. నకళ్లు వచ్చాక అసలు పని మొదలవుతుంది. ఇంగ్లిషు గుమాస్తా చెవికి విన్నట్లు రాసుకున్న ఊళ్ల పేర్లను తెలుగులోకి తెచ్చి, అప్పటి తాలూకా ఇప్పుడు ఏ జిల్లాలో ఏ మండలమో పక్కన రాయాలి. ఇది కంప్యూటర్‌కు అప్పగిస్తే అయ్యే పని కాదు. పేరు పైకి చదివితే ‘ఆ, అది మా పక్క ఊరే’ అనగల పాత కరణాల ఇళ్లవాళ్లు, పోస్టుమాన్లు, బస్సు కండక్టర్లు కావాలి. వాళ్లను పోగు చేసే పూచీ నాది, జీతం అక్కర్లేదు. ఒంగోలులో ఒకటి, నెల్లూరులో ఒకటి, రెండు గదులు ఇస్తే చాలు. పట్టికలోని కులం గడిని ఊరి గోడ మీద అతికించకుండా, అడిగిన కుటుంబానికే చూపించే కట్టుబాటు కూడా పెట్టాలి.

కాలువ సంగతి. 2008లో దాన్ని కాకినాడ–పుదుచ్చేరి జాతీయ జలమార్గంలో చేర్చారు. పూడిక తీసే యంత్రాలు ఏ రోజు దిగినా మాకు అభ్యంతరం లేదు, పడవలు తిరిగితే సంతోషమే. అవి దిగేలోపు మా రెండు జిల్లాల పొడవునా మిగిలిన లాకులు, పాత వంతెనలు, రాతి కట్టడాలు కొలతలతో, ఫొటోలతో నమోదు చేయించండి. సున్నం గారలోని ఇటుక ఒకసారి చెత్త లారీ ఎక్కితే మళ్లీ రాదు. మీ శాఖ పర్యాటక పటంలో మైపాడు, కొత్తపట్నం ఇసుక తిన్నెలు ఉంటాయి. వాటి వెనకే పారే ఈ కాలువ ఎందుకు ఉండదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

డర్బన్ ఆవిడ వచ్చే శీతాకాలం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తానన్నారు. తమ తల్లి వైపు వాళ్ల కాగితం కూడా దొరికిందట. అందులో జిల్లా నెల్లూరు, తాలూకా కందుకూరు, ఊరి పేరు అయిదు అక్షరాలు, నాకు మూడే అర్థమయ్యాయి. రెండు కాగితాల నకళ్లూ నా దగ్గర ఉన్నాయి. మీ కార్యాలయం నుంచి ఎవరైనా అడిగితే ఆవిడ అనుమతి తీసుకుని వెంటనే పంపిస్తాను.

ఇట్లు,
ఒంగోలు నుంచి
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు