అమ్మాయికి, రైఫిల్ గురించి, తుపాకి మందు దట్టించే బల్ల గురించి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నా పాత రైఫిల్‌తో పాటు తూటాలు నింపే సామగ్రి కూడా కావాలని అడిగావు. లైసెన్సు నీ పేరు మీదికి రాగానే రైఫిల్ నీదే. సామగ్రి సంగతి మాత్రం, సొంతంగా తూటాలు నింపుకోవడానికి నువ్వున్న చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో కనుక్కుని రాసిన తర్వాత చూద్దాం.

శుభ్రం చేయడానికి కూర్చునే ముందు ఛాంబర్, అంటే తూటా కూర్చునే అర, ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి మరీ నిర్ధారించుకో. ఛాంబర్‌ను వెనుకనుంచి మూసే గడియ లాంటి బోల్ట్ తీసేశాక, శుభ్రం చేసే రాడ్‌ను వెనుకవైపు నుంచే దూర్చాలి. మూతివైపు నుంచి తోస్తే, బుల్లెట్ చివరగా తాకి వెళ్లే ఆ అంచు రాడ్ ఒరిపిడికి ఒకపక్కగా అరిగిపోతుంది, ఇక ఎంత మంచి రైఫిలైనా దెబ్బలన్నీ ఒకచోట పడవు. ద్రావణం పట్టించి తీసిన గుడ్డపేలిక మీద కనిపించే నీలి పచ్చని మరక బుల్లెట్ తొడుగు వదిలిన రాగి. దాన్ని ఆనవాలు లేకుండా పోగొట్టాలన్న పట్టుదల నాకు చాలా ఏళ్లు ఉండేది గానీ, కాల్చి పాడుచేసుకున్న బ్యారెళ్ల కన్నా తోమి పాడుచేసుకున్నవే ఎక్కువేమోనని ఇప్పుడు నా అనుమానం. పాతకాలపు సైనిక తూటాలు కాల్చినప్పుడు మాత్రం బద్ధకించకు. వాటి ప్రైమర్‌లో, అంటే తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలో, పొటాషియం క్లోరేట్ ఉంటే, పేలిన తర్వాత మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. ఆ ఉప్పు నూనెకు కరగదు కనుక అదే రోజు నీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, పలుచగా నూనె పూయాలి.

ఇక మందు దట్టించే బల్ల. ఒక సాయంత్రం కేసుల్లో, అంటే తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాల్లో, మందు పోస్తుండగా ఫోను మోగితే లేచి వెళ్లి, తిరిగొచ్చి ఎక్కడ ఆపానో అక్కడి నుంచే అనుకుని కొనసాగించాను. తర్వాత కాల్పులు సాధన చేసే రేంజిలో ఒక తూటా 'టప్' మని మూగగా పలికింది. భుజానికి తన్ను తగల్లేదు, కాగితం మీద చిల్లు పడలేదు. చేయి అలవాటు కొద్దీ బోల్ట్ మీదికి వెళ్లింది, కానీ ఆగింది. మూతిని గురివైపే ఉంచి అరనిమిషం ఆగి, బోల్ట్ తీసి వెనుకనుంచి చూస్తే వెలుతురు కనిపించలేదు. మందు లేని కేసులో ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ను గొట్టంలోకి నెట్టి వదిలేసింది. దాని వెనుక ఇంకొకటి కాల్చి ఉంటే బ్యారెల్ పగిలే ప్రమాదం ఉండేది.

అప్పటి నుంచి పళ్లెంలోని కేసులన్నిటిలో టార్చి వేసి, మందు ఒకే ఎత్తులో ఉందని చూసుకున్నాకే బుల్లెట్లు బిగిస్తాను. మధ్యలో లేవాల్సి వస్తే పోసినదంతా డబ్బాలోకి తిరిగి పోసేస్తాను. బల్ల మీద ఒకేరకం మందు, అదీ దాని సొంత డబ్బాలో ఉండాలి. చీటీ లేని మందును ఊహించి వాడవద్దు. తూకం గ్రెయిన్లలో ఉంటుంది, ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములే, అందుకే త్రాసును ప్రతిసారీ తెలిసిన తూకపురాయితో సరిచూసుకోవాలి. కొలత తయారీదారు పట్టికలోని ఆరంభపు అంకె నుంచే మొదలవ్వాలి. ప్రైమర్ మారినా, బుల్లెట్ మారినా మళ్లీ అక్కడికే రావాలి. అడుగుకు కాస్త పైన మెరిసే గీత పడిన కేసు రెండుగా తెగడానికి సిద్ధంగా ఉన్నట్టే, పారేయి.

ఆ ఇరుక్కున్న బుల్లెట్‌ను దాచాను. రైఫిల్ పెట్టెలో టార్చి పక్కన ఉంటుంది.

మీ నాన్న