బిళ్ళగన్నేరు పసరు పట్టొద్దురా

శ్రీకాకుళం

ఒరే సూరిబాబూ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ మీ మేనల్లుడే కళ్ళ ముందు ఉన్నాడు. కేన్సర్ సూది పడిన ప్రతిసారీ వాడు నీరసంతో లేవలేకపోతుంటే తట్టుకోలేక మీ అప్ప పసరు మందు వైపు మొగ్గుతోందని రాశావు. బిళ్ళగన్నేరు ఆకు నూరి పరగడుపున పట్టమని ఊళ్ళో పెద్దాయన చెప్పాడట. కేన్సర్ మందు ఆ మొక్కలోంచే తీస్తారనీ అన్నాడట. మందు ఆ మొక్కలోంచి వచ్చిన మాట నిజమే. పసరు మాత్రం పట్టనివ్వకు. మీ అప్పని కోప్పడకుండా ఇదంతా చదివి వినిపించు.

వాడికి వచ్చింది లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త కేన్సర్ అన్నావు కదా, కేస్‌షీట్‌లో వింక్రిస్టిన్ అనే పేరు ఉందేమో చూడు. ఈ జబ్బుకి పిల్లలకి ఎక్కించే ముఖ్యమైన మందుల్లో అదొకటి. అది బిళ్ళగన్నేరుదే. అంటే ఆ మొక్క చేయగల మేలు వాడికి ఇప్పటికే సూదిలో అందుతోంది.

ఈ మందు ఎలా దొరికిందో తెలిస్తే మీ అప్పకి నమ్మకం కుదురుతుంది. జమైకాలో ఈ ఆకు కషాయాన్ని షుగర్ జబ్బుకి తాగేవారు. ఆ ఆకులు 1952లో కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్తకి చేరాయి. రసం ఎలుకలకి నోటి ద్వారా ఇస్తే షుగర్ తగ్గలేదు, ఏమీ జరగలేదు. సూదితో ఎక్కిస్తే మాత్రం తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్ సోకి ఎలుకలు చచ్చిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే లుకేమియా కాబట్టి అక్కడే ఆశ పుట్టింది. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958లో ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే మందుని వేరు చేశారు. దాని తోబుట్టువు లాంటి వింక్రిస్టిన్ 1963కల్లా అమెరికాలో అనుమతి పొందింది.

ఇది లోపల చేసే పని నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. కణం రెండుగా చీలేముందు క్రోమోజోములని చెరోవైపు లాగడానికి సన్నటి పోగులు అల్లుకుంటుంది. ఆ పోగులు ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. వింక్రిస్టిన్ ఆ ట్యూబ్యులిన్‌కి అతుక్కుని పోగు అల్లుకోనివ్వదు. కణం చీలలేదు, వెనక్కీ పోలేదు. అలా చాలాసేపు ఇరుక్కుపోతే తనని తాను చంపుకోవడం మొదలుపెడుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికొస్తుంది, కాస్పేజులనే ఎంజైములు మేలుకుని కణాన్ని లోపలినుంచే ముక్కలు చేస్తాయి, పక్క కణాలు ఆ ముక్కలని మింగేస్తాయి. దీన్నే అపోప్టోసిస్ అంటారు. కప్పపిల్ల తోక మాయమయ్యేదీ, మన ఒంట్లో రోజూ వేల కోట్ల పాత కణాలు పోయేదీ ఈ పద్ధతిలోనే. కేన్సర్ కణం ఈ చావుని తప్పించుకు తిరుగుతుంది, మందు దాన్ని మళ్ళీ ఆ దారి పట్టిస్తుంది.

అయితే నరాల్లోనూ అవే పోగులు ఉంటాయి. అందుకే వాడికి కాళ్ళు తిమ్మిరెక్కడం, మలబద్ధకం. దవడ నొప్పి కూడా రావచ్చు. అవన్నీ డాక్టరుకి చెప్పాలి, మోతాదు చూసుకుంటారు. ఒకసారికి రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు, అంత ఘాటైన మందు. అది కూడా రక్తనాళంలోకే ఎక్కించాలి. ఒక గ్రాము వింక్రిస్టిన్ తీయడానికి అయిదొందల కిలోల దాకా ఎండుటాకు కావాలి. గుప్పెడు ఆకులో ఆ మందు ఏపాటి ఉంటుందిరా? దానితోపాటు ఆ ఆకులో వందకి పైగా వేరే ఆల్కలాయిడ్లు, అంటే ఒంటిమీద ఘాటుగా పనిచేసే రసాయనాలు ఉన్నాయి. మందుకి చాలదు, విషానికి సరిపోతుంది. పసివాడి కడుపుమీద ఆ ప్రయోగం వద్దు.

సీతంపేట సంత నుంచి తెప్పించిన పసుపు గురించి కూడా అడిగావు. కూరలో, పాలలో చిటికెడు వేస్తే ఏ భయమూ లేదు. అందులోని కర్క్యుమిన్ గాజు పళ్ళెంలో పెంచిన కేన్సర్ కణాలని చంపుతుంది, అబద్ధం కాదు. కానీ పసుపులో అది ఉండేదే కొద్ది శాతం, మింగినదాంట్లో చాలావరకు ఒంటికి పట్టకుండానే పోతుంది. పట్టడానికని మిరియాల సారం కలిపిన బిళ్ళలు అమ్ముతారు చూడు, వాటితోనే నాకు టెన్షన్. మిరియాల్లోని పైపెరిన్ లివర్ పనిని నెమ్మదింపజేస్తుంది. వింక్రిస్టిన్‌ని బయటికి పంపేది కూడా ఆ లివరే. అది ఒంట్లో ఎక్కువసేపు నిలిస్తే నరాలకే దెబ్బ.

బలానికి విటమిన్ బిళ్ళలు కూడా సొంతంగా ఇవ్వొద్దు. ఈ జబ్బుకి మెథోట్రెక్సేట్ కూడా ఇస్తారు, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చిన మందు అది. ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడడమే దాని పని. మనం అదే యాసిడ్ బిళ్ళ రూపంలో పోస్తే ఎలా?

ఇప్పటికే పసరు కొంచెం పట్టి ఉంటే దాచొద్దు, వెంటనే డాక్టరుకి చెప్పండి. జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. మీ అప్పతో, కుదిరితే ఆ పెద్దాయనతోనూ నేనే కూర్చుని మాట్లాడతాను. రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచు. వాడికి ఏ బొమ్మలంటే ఇష్టమో ఫోన్ చేసి చెప్పు, తెస్తాను.

నీ
రమణ