తాబేలు గుడ్ల కాపలాదారులను గుర్తించాలి

సముద్ర తాబేళ్ల గుడ్లకు రాత్రంతా కాపలా కాసేవాళ్లను, వాటి గురించి ఊరూరా చెప్పేవాళ్లను మన గోదావరి డెల్టాలో ఎవరూ పట్టించుకోవడం లేదు. మొన్న ఫిబ్రవరిలో అంతర్వేది తీరాన ఒక కుర్రాడిని చూశాను. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకున్నాడు (తెల్లని వెలుగు పడితే తల్లి తాబేలు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది). భద్రమైన చోటికి మార్చడానికి గుంటలోంచి తీసిన గుడ్లను తలకిందులు కాకుండా, ఉన్నవి ఉన్నట్టే బక్కెట్లో ఇసుక మీద పేరుస్తున్నాడు. బ్యాటరీలు కూడా సొంత డబ్బుతో కొన్నవే. మర్నాడు ఒకావిడ వలలు బాగుచేసుకునే మత్స్యకారుల మధ్య చతికిలబడి, "బాబాయ్, వలలో పడ్డ తాబేలు కదలకపోతే చచ్చిందనుకుని విసిరేయకు, కాసేపు పడవలో ఉంచితే తేరుకుంటుంది" అని చెబుతోంది. అదే మాట మైకులో చెబితే ఎవరు వింటారు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆలివ్ రిడ్లే అనే ఈ సముద్ర తాబేళ్లను గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో చేర్చింది సరే, ఇసుకలో దాన్ని అమలు చేస్తున్నది వీళ్లే. ఏటా ఫిబ్రవరి 2న వచ్చే చిత్తడి నేలల దినోత్సవాన్ని కోరంగి నుంచి అంతర్వేది దాకా ఏదో ఒక తీర గ్రామంలో జరిపి, ఇలాంటివాళ్లకు అక్కడే రాష్ట్రస్థాయి గుర్తింపు ఇవ్వాలి. శాలువాలు అక్కర్లేదు. గుడ్లు పెట్టే కాలం నుంచి పిల్లలు సముద్రం చేరేదాకా రోజు భత్యం, మంచి టార్చిలైట్లు ఇస్తే చాలు.

– ఒక పాఠకుడు, మలికిపురం